అనుభవదారు కాలమ్

ఖర్చులన్నీ పోను ఏడాదికి 80 కోట్ల అద్దె వచ్చే ఆఫీసు భవనం ఒకటి మాదాపూర్‌లో ఉందనుకుందాం. దాని విలువ ఎంత? సిమెంటు, ఇనుము, స్థలం లెక్కగట్టి చెప్పబోయేవాడు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాడు. అలాంటి భవనాల మీద కొనేవాళ్లు ఎనిమిది శాతం రాబడి ఆశిస్తుంటే దాని విలువ 1,000 కోట్లు. ఆ ఆశ ఏడున్నర శాతానికి దిగితే 1,067 కోట్లు. ఒక్క ఇటుక కలవలేదు, ఒక్క గది పెరగలేదు, అద్దె కూడా అదే 80 కోట్లు. 67 కోట్లు మాత్రం పుట్టుకొచ్చాయి. రియల్ ఎస్టేట్ ప్రైవేట్ ఈక్విటీ సంస్థల్లో కొలువు కోసం తయారయ్యే పిల్లలు నేర్చుకునే తొలిపాఠం ఇది. ఆ శాతాన్ని క్యాప్ రేటు అంటారు. పాఠం సులువు. అది అడిగే ప్రశ్న సులువు కాదు: ఆ 67 కోట్లు ఎవరి శ్రమ?

ఈ సంస్థలు చేసే పని క్లుప్తంగా చెబుతాను. పెన్షన్ నిధులు, బీమా కంపెనీలు, బాగా డబ్బున్న కుటుంబాల దగ్గర సొమ్ము పోగుచేసి ఫండ్ పెడతాయి. దానికి బ్యాంకు అప్పు కలిపి భవనాలు, గోదాములు, మాల్‌లు కొంటాయి, లేదా కట్టేవాళ్లకు పెట్టుబడి ఇస్తాయి. అయిదారేళ్లు పెట్టుకుని అమ్మేస్తాయి. నడిపినందుకు ఏటా సుమారు రెండు శాతం రుసుము. ముందుగా ఒప్పుకున్న రాబడి, సాధారణంగా ఎనిమిది శాతం, దాటాక వచ్చే లాభంలో అయిదో వంతు వాటా. ఆ వాటాను క్యారీ అంటారు. 2005లో నిర్మాణ రంగంలోకి నూరు శాతం విదేశీ పెట్టుబడిని అనుమతించాక ఈ సొమ్ము మన నగరాల్లోకి రావడం మొదలైంది. అద్దె వచ్చే భవనాలను యూనిట్లుగా చేసి అమ్మే ట్రస్టును రీట్ అంటారు; 2019లో దేశంలో తొలి రీట్ స్టాక్ మార్కెట్‌కు ఎక్కింది. మరుసటి ఏడాదే మైండ్‌స్పేస్ రీట్ వచ్చింది, మాదాపూర్‌లోని ఆ పేరు గల ఆఫీసుల సముదాయాన్ని తనలో కలుపుకుని. అప్పట్లో ఆ రీట్ వెనక ఉండిన సంస్థల్లో అమెరికాకు చెందిన బ్లాక్‌స్టోన్ ఒకటి.

మా అక్క కొడుకు ఈ కొలువు కోసం తయారవుతున్నాడు. వాళ్లది కల్వకుర్తి వైపు ఊరు. సీఏ అయింది, ఎంబీఏ అయింది, ఇప్పుడు రాత్రిళ్లు ఖాళీ ఎక్సెల్ షీటు ముందు కూర్చుంటాడు. ఇంటర్వ్యూలో రెండు మూడు గంటల గడువిచ్చి ఒక భవనం వివరాలు చేతిలో పెడతారట. కిరాయిదారులు ఎవరు, ఒప్పందాలు ఎప్పుడు ముగుస్తాయి, అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఏ ఏడాది అమ్మితే ఎంత వస్తుంది, అన్నీ అల్లి చివర ఒకే అంకె తేల్చాలి. పెట్టిన సొమ్ము మీద ఏటా ఎంత శాతం రాబడి వస్తుందో చెప్పే ఆ అంకె పేరు ఐఆర్‌ఆర్. కొనాలా వద్దా చెప్పాలి, ఎదుటివాళ్లు గుచ్చి గుచ్చి అడిగితే నిలబడాలి. నాకు అర్థమయ్యేలా వాడు చెప్పిన మాట ఇది: "మామా, వాళ్లు బిల్డింగు కొంటలేరు. రాబోయే పదేండ్ల కిరాయి కొంటున్నరు. బిల్డింగు దానికి ఒక సంచి అంతే."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే వాడి తాత కూడా ఒకప్పుడు కొలువుకు ఎంపికైనవాడే. ఆయన్ని ఎంపిక చేసినవాడు గుంపు మేస్త్రీ.

పాలమూరు లేబర్ అనే పేరు మోస్తూ పాత మహబూబ్‌నగర్ జిల్లా మనుషులు ఎంత దూరం వెళ్లారో చెప్పడానికి పటం చాలదు. కాలువలు, ఆనకట్టలు, రోడ్లు, సొరంగాలు, మట్టి తవ్వాల్సిన ప్రతిచోటా వాళ్లున్నారు. నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు నుంచి ముంబై, పుణె బస్సులు నిండి వెళ్లిన రోజులు ఈ తరానికీ గుర్తే. కరువు ముదిరిన వేళ మేస్త్రీ వచ్చేవాడు. ఇంటికింత అని అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. ఆ సొమ్ము అప్పటికే ఉన్న అప్పుకో, పెళ్లికో పోయేది. తీరేదాకా మనిషి గుంపు విడిచి రాలేడు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చాయంటే ఇలాంటి కట్టుబాటు దేశమంతా ఉన్నందుకే.

రెండు ఎంపికలనూ పక్కపక్కన పెట్టడం అన్యాయమని తెలుసు. తాత దగ్గర మేస్త్రీ చూసింది రెక్కలు. మనవడి దగ్గర ఫండ్ చూసేది బుర్ర. తాతకు వేరే దారి లేదు. మనవడికి నాలుగు దారులున్నాయి. అయినా ఒక్కచోట నా చూపు ఆగుతుంది. ఫండ్‌లో చేరినవాడికి క్యారీ వాటా ఒక్కసారిగా చేతికి రాదు. ఏడాదికింత చొప్పున హక్కు కుదురుతుంది, ఆస్తులు అమ్ముడుపోయాక ఎప్పటికో సొమ్ము వస్తుంది. మధ్యలో మానేస్తే చాలామటుకు వదులుకోవాలి. తాతను కట్టేసింది నిన్నటి అప్పు. మనవణ్ని కట్టేసేది రేపటి ఆశ. ఆశ చేతుల్ని కట్టదు. మనసు కాదన్నప్పుడు నోరు కాదనగలదా అన్నది మాత్రం ఆశ మీద కూడా ఆధారపడుతుంది. కొలువుకు తయారయ్యే ఏ పుస్తకంలోనూ ఈ అధ్యాయం ఉండదు. ఎప్పుడు వద్దనాలో, వద్దనగలిగే స్థితిలో తనను తాను ఎలా ఉంచుకోవాలో ఎవరూ నేర్పరు.

మళ్లీ ఆ 67 కోట్ల దగ్గరికి వద్దాం. భూమి ఎవరిదన్న ప్రశ్నకు పడమటి దేశాల తత్వశాస్త్రంలో బాగా పేరుపడిన జవాబు ఒకటుంది. 1689లో జాన్ లాక్ చెప్పింది. అందరిదీ అయిన నేలలో ఒక మనిషి తన శ్రమ కలిపితే ఆ భాగం అతనిదవుతుందన్నాడు. ఎంత న్యాయంగా వినిపిస్తుంది! ఆ సూత్రాన్ని తూచా తప్పకుండా పాటిస్తే 1955లో నెహ్రూ పునాదిరాయి వేసిన నాగార్జునసాగర్ కింద పారే ప్రతి మడిలో ఆ రాయి మోసిన కూలీలకు గుంటో అరగుంటో దక్కాలి. దక్కలేదు. ఎందుకు దక్కలేదో లాక్ అదే అధ్యాయంలో తెలియకుండానే చెప్పేశాడు: తన పనివాడు కోసిన మట్టిగడ్డ కూడా యజమాని సొత్తే అన్నాడు. శ్రమ హక్కునిస్తుంది, కానీ కూలి ముట్టిన శ్రమ ఇవ్వదు. ఆధునిక ఆస్తి అంతా ఆ చిన్న మెలిక మీద నిలబడి ఉంది. ఆ 67 కోట్లను దాని పక్కన పెట్టి చూడండి. అక్కడ కూలి ముట్టిన శ్రమ కూడా లేదు. నగరం పెరిగింది, ప్రభుత్వం రోడ్డు వేసింది, వేలమంది కుర్రాళ్లు ఆ చుట్టుపక్కల ఉద్యోగాలకు వచ్చారు, వడ్డీరేట్లు తగ్గాయి. అందరూ కలిసి పెంచిన విలువ కాగితం ఎవరి పేర ఉంటే వారిదైంది. అమెరికాలో హెన్రీ జార్జ్ 1879లో పుస్తకం రాసి మొత్తుకున్నది ఈ సంగతే. చౌటుప్పల్ దగ్గరో ఆమనగల్లు దగ్గరో ప్రాంతీయ రింగు రోడ్డు వస్తుందన్న కబురుతోనే ఎకరం ధర ఎగబాకడం చూసిన మన రైతుకు జార్జ్‌ను చదివే అవసరం లేదు.

ఇక కాలం సంగతి. ఈ చదువులో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది అదే. రేపు వచ్చే వంద రూపాయలు ఇవాళ్టి వందతో సమానం కాదన్నది ఈ లెక్కలన్నిటికీ పునాది. ఏడాదికి 18 శాతం రాబడి కావాలనుకునేవాడి షీటులో ముప్పై ఏళ్ల తర్వాతి వంద రూపాయల విలువ ఇవాళ ఎంతో తెలుసా? సుమారు 70 పైసలు. అంటే ఇప్పుడు ఆరేళ్లున్న బిడ్డ ముప్పై ఆరేళ్ల మనిషి అయ్యేనాటికి ఆ చోట భూగర్భ జలం ఉంటుందా, చెరువు నిండుతుందా అన్న ప్రశ్నలకు ఈ లెక్కలో బరువే లేదు. ఎవరూ దురుద్దేశంతో తీసేయలేదు. గుణకారం తీసేసింది. నల్గొండ జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన మనుషుల్ని చూసినవాళ్లకు, నీటి విషయంలో ముప్పై ఏళ్లు ఎంత దగ్గరి కాలమో వేరే చెప్పాలా?

ఫ్రాంక్ రామ్‌సే అనే కేంబ్రిడ్జ్ గణితవేత్త 1928లో, ఇరవై అయిదేళ్ల వయసులో, పొదుపు మీద ఒక పరిశోధన వ్యాసం రాశాడు. తర్వాతి కాలపు సుఖాన్ని ముందటి సుఖం కంటే తక్కువగా లెక్కించడం నీతికి నిలబడదనీ, అది ఊహాశక్తి లోపం వల్ల వచ్చేదనీ అందులో తేల్చాడు. ఈ మాట అన్నది లెక్కలు రాని భావుకుడు కాదు, ఆర్థికశాస్త్రంలో ఆ లెక్కలకు దారి వేసినవాళ్లలో ఒకడు. డబ్బును తగ్గించి లెక్కకట్టడం వేరు, మనుషుల్ని తగ్గించి లెక్కకట్టడం వేరు అని అతనికి తెలుసు. షీటులో మొదటిది చేస్తూ చేస్తూ రెండోది ఎక్కడ మొదలైందో పోల్చుకోవడమే కష్టం. రాత్రింబవళ్లు ఆ షీటు ముందే కూర్చున్న ఇరవై నాలుగేళ్ల కుర్రాడికి ఇంకా కష్టం. ఏ కొలువుకు తయారవడమైనా ఒక చూపుకు తయారవడమే. ఏది కనిపించాలో నేర్చుకుంటున్నప్పుడు, ఏది కనిపించకుండా పోతుందో కూడా ఒకసారి అడిగి తీరాలి.

అలా కనిపించకుండా పోయేది మొదట పొలమే. విదేశీ పెట్టుబడి మన దేశంలో వ్యవసాయ భూమిని కొనకూడదు. చట్టం ఒప్పుకోదు. అందువల్ల ఈ సొమ్ము పొలం దగ్గరికి రాదు; పొలం పొలంగా లేకుండా పోయాకే వస్తుంది. ముందు ఊళ్లో మధ్యవర్తి తిరుగుతాడు. బయానా ఇస్తారు. ముక్కలు ముక్కలుగా ఉన్న సర్వే నంబర్లు ఒకరి పేర చేరతాయి. సాగు భూమి సాగేతర భూమిగా నాలా మార్పిడి అవుతుంది. హద్దురాళ్లు లేచి ప్రహరీ వస్తుంది. డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ రాసుకుంటారు. అన్నీ అయ్యాక ఫండ్ లాయర్లు వచ్చి టైటిల్ తేటగా ఉందా అని చూస్తారు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండిన షాద్‌నగర్, కొత్తూరు వైపు జాతీయ రహదారి పట్టుకుని వెళ్తే గోదాములూ డేటా సెంటర్లూ బారులు తీరి కనిపిస్తాయి. ఒక్కో గోడ వెనక ఈ వరస మొత్తం ఉంటుంది. ఫండ్ చేతులు శుభ్రంగా ఉంటాయి, కడిగే పని అంతకుముందే ఎవరో చేసిపెట్టారు కాబట్టి.

తెలంగాణలో ఆ టైటిల్ చూడటమనేది ఒక చరిత్ర పాఠం. లాయర్లు ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) తీసి ఊరుకోరు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ దాకా వెళ్తారు. హైదరాబాద్ సంస్థానం మీద పోలీసు చర్య జరిగిపోయింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి, నల్గొండ పల్లెల్లో సాయుధ పోరాటం 1951లో ఆగింది. అవన్నీ అయ్యాక ఏ చెలక ఎవరి పేరున ఉంది, ఎవరు దున్నుతున్నారు అని ఊరూరా తిరిగి రాసిన రికార్డు అది. పట్టాదారుకు ఒక కాలమ్, సాగు చేసేవాడికి ఒక కాలమ్. 1950 నాటి కౌలు చట్టం రక్షిత కౌలుదారు అనే మనిషిని గుర్తించింది. 38ఈ సెక్షన్ కింద అతనికి యాజమాన్య హక్కు కూడా ఇచ్చింది. దొరల గడీల ముందు తలెత్తి నిలబడ్డవాళ్ల రక్తానికి చట్టం ఇచ్చిన జవాబుల్లో అదొకటి. నేటి టైటిల్ నివేదికలో అదే రక్షిత కౌలుదారు రిస్కుల జాబితాలో కనబడతాడు. అతని వారసులు కేసు వేస్తారేమో, పరిష్కరించుకుని రండి అని అమ్మేవాడికి చెబుతారు.

సాగు చేసేవాడి పేరు రాసే ఆ కాలమ్, అనుభవదారు కాలమ్, పహాణీలో తర్వాత్తర్వాత కూడా కొనసాగింది. కాగితం ఒకరిది, కాస్తు ఒకరిది అయిన నేలలు మన దగ్గర ఎన్నో. సాదాబైనామా (రిజిస్టరు కాని తెల్లకాగితపు ఒప్పందం) మీద కొనుక్కుని నలభై ఏళ్లుగా దున్నుతున్నవాడు, దూరదేశం వెళ్లిన పట్టాదారు పొలాన్ని కౌలుకు చేస్తున్నవాడు, వాళ్లకు ఉన్న ఒకే ఒక్క రాతపూర్వక ఆనవాలు ఆ కాలమ్. 2017లో మొదలైన రికార్డుల ప్రక్షాళనతో, 2020లో వచ్చిన ధరణి పోర్టల్‌తో అది లేకుండా పోయింది. దాని వెనక వాదన కూడా విన్నాను. ఆ కాలమ్ లంచాలకు, దొంగ నమోదులకు తావిచ్చిందన్నారు. అందులో నిజం లేకపోలేదు. అయితే ఒక మనిషి ఉనికిని తప్పుగా రాస్తున్నారని, రాయడమే మానేస్తే అతను లేకుండా పోతాడా? ధరణి పోయి 2025లో భూభారతి చట్టం వచ్చింది. నేను అడుగుతున్నది ఏ పోర్టల్ మేలన్నది కాదు. చెలకలో ఉన్న మనిషి ప్రభుత్వ రికార్డులో లేకపోతే, ఆ రికార్డు మీద కట్టిన ఎక్సెల్ షీటులోకి ఎలా వస్తాడన్నది.

ఇలా రాస్తే ఈ కొలువే పాపమని అంటున్నట్టు అనిపించవచ్చు. అలా అనను. కెనడాలో రిటైరైన ఒక బస్సు డ్రైవరు పెన్షన్‌లో హైదరాబాద్ ఆఫీసుల అద్దె కలుస్తోందంటే అందులో నాకు తప్పు కనబడదు. రీట్ తనకొచ్చిన పంచదగ్గ రాబడిలో 90 శాతం వాటాదారులకు ఇవ్వాలన్న నియమం ఉంది. నల్గొండలో రిటైరైన టీచరమ్మ కూడా పదీ ఇరవై యూనిట్లు కొనుక్కోవచ్చు. అద్దె బంగళాల దర్జా కొందరికే ఉండిన రోజుల కంటే అది మేలే. పైగా పాలమూరు పిల్లలు మట్టి మోసినంతకాలం మనకు పట్టలేదు, మట్టి కొనే కుర్చీ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం నీతులు గుర్తొచ్చాయా అని ఎవరైనా నిలదీస్తే తల వంచుకోవాల్సిందే. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది చిన్న సంగతి కాదు. కుర్చీ మనిషిని మార్చేస్తుందా, మనిషి కుర్చీని కొంతైనా మారుస్తాడా అన్నదే తేలని సంగతి.

కొనుగోళ్లకే కాదు, దానానికీ ఈ నేల సాక్షి. 1951 ఏప్రిల్ 18న అప్పటి నల్గొండ జిల్లా పోచంపల్లిలో ఎంత భూమి కావాలని వినోబా భావే అడిగితే, దళితులు తమకు ఎనభై ఎకరాలు చాలన్నారు. ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరాలిచ్చారు. దేశమంతా నడిచిన భూదాన ఉద్యమం ఆ సాయంత్రం పుట్టింది. అడిగినదానికంటే ఇరవై ఎకరాలు ఎక్కువ ఎందుకిచ్చినట్టు? ఏ షీటులో ఈ ప్రశ్నకు గడి ఉంటుంది? కానీ భూదాన భూముల మీద తర్వాత నడిచిన వివాదాలూ అంతే నిజం. మంచి మనసు ఒక సాయంత్రానికి సరిపోతుంది. డెబ్బై ఏళ్లు కాపాడటానికి రికార్డు కావాలి, రికార్డు చూసే మనిషి కావాలి. అందుకే లెక్కలు చేసే కొలువును తక్కువచేసి మాట్లాడలేను.

మొన్న వాడు ఇంటికొచ్చినప్పుడు ఒకటే అడిగాను. నీ షీటులో అనుభవదారు కాలమ్ ఒకటి పెట్టు. ఆ స్థలం మీద పదేళ్ల కింద ఎవరు బతికారు, కౌలుకు ఎవరు చేశారు, కూలికి ఎవరు వచ్చారు, ఇప్పుడు ఎక్కడున్నారు. అంకె రాకపోయినా సరే, ఖాళీ గడి అయినా ఉండాలి. వాడు కాసేపు ఆలోచించి అన్నాడు: "పెడత మామా. వాళ్లకు ఇయ్యాల్సింది కూడా లెక్కల కలుపుత. అప్పుడు నా రేటు పక్కోనికన్నా తక్కువొస్తది. పక్కోడు ఆ కాలమ్ పెట్టడు. ఆస్తి ఆయనకు పోతది. ఆ కౌలుదారుకు ఒరిగిందేంది?"

ఈ ప్రశ్నకు సద్బుద్ధి జవాబు కాదు. చట్టం మాత్రం కొన్నిసార్లు జవాబు చెప్పింది. కొనుగోలుదారుల దగ్గర తీసుకున్న సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టుకే విడి ఖాతాలో ఉంచాలని 2016లో రెరా చట్టం అంది. అంతకుముందు తనంతట తానే అలా చేసిన బిల్డరు పోటీలో వెనకబడేవాడు; అందరికీ ఒకే నిబంధన అయ్యాక నిజాయితీ నష్టం కాకుండా పోయింది. 2013 భూసేకరణ చట్టమైతే వాడు అడిగిన మనుషులనే పేరుపెట్టి పిలిచింది. సేకరణకు ముందు మూడేళ్లు అక్కడ పనిచేసి బతికిన కౌలుదారు, వ్యవసాయ కూలీ కూడా బాధిత కుటుంబమేనంది. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ కింద భూములు పోయి ఏళ్ల తరబడి కొట్లాడిన రైతుల కాలంలో నడిచింది 1894 నాటి చట్టం. అందులో ఇలాంటి మాట లేదు. అయితే 2013 చట్టం వర్తించేది ప్రధానంగా ప్రభుత్వం సేకరించినప్పుడు. ప్రైవేటు వాళ్లు పట్టాదారుతో మాట్లాడుకుని కొనే మామూలు కొనుగోళ్లలో ఆ కౌలుదారు మళ్లీ కనబడడు. అంటే ఆ కాలమ్ మన దేశానికి తెలియనిది కాదు. ఒక షీటులో ఉంది, ఇంకో షీటులో లేదు.

ఇదంతా చెబితే వాడు శ్రద్ధగా విన్నాడు. ఇంటర్వ్యూలో షాద్‌నగర్ దగ్గరి గోదాము ఒకటి ఇచ్చారనుకుని మళ్లీ షీటు కట్టాడు. సాగుదారుల గురించి మూడు వరుసలు కలిపాడు. బోర్డులో ఎవరైనా ఇదెందుకని అడిగితే ఏం చెబుతావన్నాను. "రిస్కు అని చెప్త మామా. రేపు కేసు పడ్తే అమ్ముకునే టైముకు ఆలస్యమైతది, ఐఆర్‌ఆర్ తగ్గుతది అంట. ఆ మాట అయితేనే వాళ్లు వింటరు." న్యాయం అని చెప్పకూడదా అన్నాను. చెబితే మర్యాదగా విని పక్కన పెడతారన్నాడు.

వాడు చెప్పినట్టు చేస్తే కౌలుదారుకు ఎంతో కొంత ముట్టవచ్చు. నేను చెప్పినట్టు చేస్తే వాడికి కొలువు రాకపోవచ్చు, కౌలుదారుకూ ఏమీ రాకపోవచ్చు. ఫలితం చూస్తే వాడిదే పైచేయి. కానీ ముప్పులాగా తప్ప మనిషిలాగా లోపలికి రానివ్వని గుమ్మం గుండా ఎన్నిసార్లు తీసుకెళ్లినా, ముప్పు తప్పిన రోజు అతన్ని బయటే నిలబెడతారు కదా? కేసు వేసే శక్తి లేని కౌలుదారు రిస్కు కూడా కాడు. అతని పేరు మీద ఏ గడి తెరుస్తావు అని అడిగాను. దాని మీద మాకు ఇంకా కుదరలేదు. వచ్చే నెల వాడి ఇంటర్వ్యూ. ఆ మూడు వరుసలు షీటులో ఉంచే వెళ్తానన్నాడు. ఏమని చెప్పాలో మాత్రం ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం.